మోటారు లేని బాట

హైదరాబాదునుండి కర్నూలునకు బోవు పెద్దరోడ్డు నా బాల్యమున మా కొత్తకోట నడుమనుండియే పోయెడిది. అప్పుడు దానికి ఏడవ నెంబరు రోడ్డని పేరు. తరువాత నది నాలుగు వరుసలై, ఊరికి బైపాసు వచ్చి, 44వ నెంబరు జాతీయ రహదారియైనది. లారీల రొద ఊరిని విడిచెనని మేమందరము సంతసించితిమి. కాని రోడ్డు కావలి పల్లెలనుండి బడికి సైకిలుమీద వచ్చు పిల్లలకు ఆ సంతోషములో పాలు దొరకలేదు.

నిరుడు నా తరగతిలోని యొక బాలిక పదునైదు దినములు వరుసగా బడికి రాలేదు. నేను వారి పల్లెకు బోయి తండ్రిని విచారించితిని. ఆయన యనినది యిది: "సైకిలు తొక్కుడు వచ్చు సారూ, తోలుడు మంచిగనే తోల్తది. గా రోడ్డు దాటుడే భయం. పిల్లను ఎట్ల పంపాలె?" చదువు గొప్పదనమునుగూర్చి నేను సిద్ధపరచుకొని పోయిన మాటలేవియు నా నోట వెడలలేదు. ఆయన చదువును కాదనలేదు, రోడ్డునడిగినాడు. మోటారు రాని బాట కావలెనని లోకమున మరెవ్వరైన నడిగిరా, అడిగినవారికి దొరకెనా యని నేను పుస్తకములు తిరుగవేయుటకు ఆ మాటయే కారణము.

సైకిలును ద్విచక్రికయని సంస్కృతీకరింప వచ్చును గాని, మా పాలమూరు సీమలో ముదుసలి యవ్వ సైతము దానిని సైకిలనియే యనును. కావున నేనును అట్లే వ్రాసెదను. 1817లో జర్మనీలో డ్రైసు దొరగారు తయారుచేసిన రెండు చక్రముల బండికి తొక్కుడు లేదు. కాళ్ళతో నేలను తన్నుచు పోవలెను. 1885లో ఇంగ్లండునందు స్టార్లీయను నాతడు రెండు సమాన చక్రములతో, వెనుక చక్రమును త్రిప్పు గొలుసుతో తయారుచేసిన రోవరు సైకిలే నేటి సైకిలునకు మూలరూపము. 1888లో డన్‌లప్ గాలితో నిండిన టైరును కనిపెట్టగా, ధనికుల వినోదముగా నున్న బండి క్రమముగా కూలివాని వాహనమైనది.

అప్పటికి ఇంగ్లండులో రోడ్ల స్థితి విచిత్రముగా నుండెను. రైళ్ళు వచ్చి గుఱ్ఱపు బగ్గీలను తినివేసినవి. బగ్గీలు పోగా పల్లెల రోడ్లను పట్టించుకొను వారు లేకపోయిరి. దుమ్ము, గోతులు, చెదరిన కంకర. ఆ నిర్జనమైన రోడ్లను మరల మేలుకొల్పినవారు సైకిలు యాత్రికులే. 1878లో హారొగేటు పట్టణమున వారు సైకిలు యాత్రికుల సంఘమొకటి స్థాపించిరి. 1886లో సైకిలు సంఘములు రెండుగూడి రోడ్ల బాగుకొరకు వేరొక సంఘమును నెలకొల్పి, కంకర యెట్లు పరువవలెనో, నీరెట్లు తొలగింపవలెనో తెలుపు కరపత్రములను పంచినవి. మోటారుబండి ఇంకను పుట్టుచున్న దినములవి. మోటారునకు నున్నని రోడ్డును కోరిపెట్టినవాడు సైకిలువాడేయన్న మాట!

పిమ్మట జరిగినది అందరకును తెలిసినదే. ఆ దేశమున మోటారు వేగము 1896లో గంటకు 14 మైళ్ళకు, 1903లో 20 మైళ్ళకు పరిమితము. 1930లో కార్లకు ఆ పరిమితినే తీసివేసిరి. 1934లో బ్రిటనులో రోడ్లమీద మరణించినవారు 7,343 మంది. (మన దేశమున 2022లో 1,68,491 మంది. నేడు ఆ సంఖ్య చదివి పత్రికను మడచి ప్రక్కన బెట్టుట మనకలవాటైనది.) ఆ 1934 డిసెంబరులోనే రవాణామంత్రి హోర్-బెలీషా లండను చెంత వెస్టరన్ అవెన్యూ ప్రక్కన సైకిళ్ళకు ప్రత్యేకమైన దారిని ప్రారంభించెను. రెండున్నర మైళ్ళ పొడవు.

చదువరులు సైకిలువారు పండుగ చేసికొనిరని తలంచెదరు. లేదు, వారి సంఘమే దానిని గట్టిగా ప్రతిఘటించినది. మేము బాగుచేయించిన రోడ్డునుండి మమ్ములనే వెలివేయుచున్నారు, నేడు ప్రక్కదారి యిచ్చి రేపు పెద్దరోడ్డుమీద మీకు హక్కు లేదందురు, అనునది వారి భయము. ఆ ప్రక్కదారులు ప్రతి యడ్డురోడ్డు యొద్దను తెగిపోవుటయు, అక్కడ మోటారునకే ముందుదారి దక్కుటయు వారి రెండవ యాక్షేపణ. ఈ వాదమును మొదట చదివినప్పుడు నాకది పట్టుదలగా దోచెను. మా ఊరి బైపాసు ప్రక్కన నిలిచి, సైకిలుతో గట్టున నిలువబడి సందుకొరకు చూచు పిల్లలను కనిపెట్టిన పిదప, వారి రెండవ మాటలో పట్టుదల యేమియు నాకు గానరాలేదు. బాటయున్నంతమాత్రమున చాలదు. దాటుచోటు ప్రాణము తీయును.

ఈ చిక్కునకు విడుపు అనుకొనని చోటనుండి వచ్చినది. మోటార్లు హెచ్చగా ఇంగ్లండులో రైళ్ళకు నష్టములు వచ్చినవి. 1963లో బీచింగను నాతడు సిద్ధపరచిన నివేదిక సుమారు 5,000 మైళ్ళ యినుపదారిని మూయవలెనని చెప్పినది. బ్రిస్టలు, బాతు పట్టణముల నడుమ నుండిన యొక లైనుపై ప్రయాణికుల బండ్లు 1966లో నిలిచిపోయెను. పట్టాలూడదీసిరి, కట్ట మిగిలెను, ముండ్లపొదలు పెరిగెను. 1977లో బ్రిస్టలునందు సైకిలు వారు కొందరు సైకిల్‌బ్యాగను సంఘముగా నేర్పడి, ఆ కట్టమీద బాట వేయుదమని పూనిరి. 1979లో తొలి అయిదు మైళ్ళు స్వచ్ఛంద సేవకులే పారలు పట్టి వేసిరి. 1986 నాటికి సుమారు 13 మైళ్ళ బాట పూర్తియైనది.

ఇచ్చట కొంచెము నిలిచి చూడవలెను. రైలుకట్ట సైకిలునకు అంతగా నమరుటకు కారణమేమి? రైలింజను నిట్టనిలువు ఎత్తులనెక్కలేదు గనుక, కట్ట వేసినవారు గుట్టను తొలిచిరి, పల్లమును పూడ్చిరి. అందువలన ముసలివాడును బాలికయు నలయక తొక్కగలరు. అంతకంటె ముఖ్యమైన దొకటి: రైలు అనేక చోట్ల రోడ్డును సమముగా దాటదు, వంతెనమీదనో, వంతెన క్రిందనో పోవును. ఆ బాటపై బోవువాడు మోటారునకు దారి యిమ్మని ప్రతి కూడలియందును బ్రతిమాలుకొన పనిలేదు. 1934 నాటి యాక్షేపణకు అదియే సమాధానము. ఇంగ్లండు కాలువల గట్టుబాటలును ఇట్టివే. పడవలను లాగు గుఱ్ఱములకై వేసిన యా బాటలు వంతెనల క్రిందుగా దూరిపోవును. మన గోదావరి కాలువల గట్లపై మనుష్యులే త్రాళ్ళతో పడవలను లాగిన దినములు తాతలకు తెలియును.

ఆ బ్రిస్టలు సంఘమే సస్ట్రాన్సు అను పేర పెద్దదై, 1995లో ప్రభుత్వ లాటరీ నిధినుండి నాలుగు కోట్ల పౌనులకు పైబడిన సొమ్ము పొంది, దేశమంతటను సైకిలు బాటల వల పన్నినది. అందులో నేను మిక్కిలి మెచ్చుకొన్నది దాని విస్తీర్ణమును కాదు. 2018లో ఆ సంస్థ తన బాటలను తానే పరీక్షించుకొని, సుమారు పదహారున్నరవేల మైళ్ళలో మోటారు లేని భాగము మూడింట నొకవంతు మాత్రమేయని, దాదాపు సగము బాటలు నాసిగా నున్నవని లోకమునకు చాటినది. 2020లో, పండ్రెండేండ్ల బిడ్డ యొంటరిగా పోదగని బాట మన బాట కాదని తలంచి, నాలుగింట నొకవంతునకు దగ్గరగా తన పటమునుండి తొలగించినది. పండ్రెండేండ్ల బిడ్డయే కొలబద్దయట! మన రోడ్లను అట్లు కొలిచినచో పటమున మిగులునదెంత?

మన తెలంగాణములోను ఒక సైకిలు దారి గొప్పగా వెలసినది. 2023 అక్టోబరు 1వ తేదీన హైదరాబాదు వెలుపలి వలయపు రోడ్డు ప్రక్కన 23 కిలోమీటర్ల దారి ప్రారంభమైనది. పైన సౌరఫలకముల కప్పు, ఎండయు వానయు పడవు, 16 మెగావాట్ల విద్యుత్తు. కొరియా దేశపు దారిని చూచి వేసినది. నేనొకమారు దానిని చూచి యానందించితిని. అచ్చట కారుమీద సైకిలును గట్టుకొని వచ్చి దింపుకొనుచున్న వారినిగూడ చూచితిని. వ్యాయామమునకు అది మేలే. బడికి, సంతకు, పొలమునకు బోవు సైకిలు మాత్రము అక్కడ కనబడలేదు.

మా సీమలో మూతవడిన రైలుదారి లేదు, లేకుండుటయే మేలు. వనపర్తి రోడ్డు స్టేషను మీదుగా బోవు పాత మీటరుగేజి లైను బ్రాడుగేజియై నేటికిని బండ్లను నడుపుచున్నది. మాకున్నవి చెరువు కట్టలు, కాలువ గట్లు, పాత బండ్ల బాటలు. సమీపమున సరళాసాగరము కలదు. వనపర్తి సంస్థానాధీశుని తల్లిపేర వెలసి, తమంతట తామే నీటిని విడుచు సైఫనులతో 1959లో ప్రారంభమైనది. 2019 డిసెంబరు 31న దాని కట్ట తెగినప్పుడు మేము నీటినిగూర్చి మాత్రమే దుఃఖించితిమి. కట్టయనునది బాటయు నగునని మా కప్పటికి తట్టలేదు. కట్టలపైనను గట్లపైనను నెక్కడము తక్కువ, మోటారు తక్కువ, నీడనిచ్చు చెట్లు కొన్నియైన నుండును.

వేసవి సెలవులలో ఆ బాలిక తండ్రియు నేనును వారి పల్లెనుండి బడివరకు ఒక ప్రొద్దున నడచితిమి. మొదట పాత బండ్ల బాట, పిమ్మట కాలువ గట్టు, అటుపిమ్మట వాగు. ఆ వాగుమీద పెద్దరోడ్డు వంతెన కలదు. వంతెన క్రింద ఇసుక, రాళ్ళు, సర్కారు తుమ్మ కొమ్మలు. తలయెత్తి చూచితిమి, లారీలు మా నెత్తిమీదుగా పోవుచున్నవి. ఆయన చాలసేపు మాటాడక నిలిచి, "ఈడికెల్లి దూరి పోవచ్చు గద సారూ" అనెను. మరునాడు కొడవలి, పార తెచ్చి తానును తమ్ముడును కొమ్మలు నరికి రాళ్ళు తొలగించిరి.

వంతెన క్రింద రెండు గజముల వెడల్పున సిమెంటు అరుగు వేయింపుడని మేము ఒక కార్యాలయమున అర్జీ యిచ్చితిమి. అది మా పని కాదు, వేరొకరి పని యనిరి. వారు చూపిన చోటను ఇచ్చితిమి. బాలిక జూను మాసమునుండి ఆ బాటనే బడికి వచ్చుచున్నది. ఆమె వెనుక మరి ముగ్గురు. వాగు పారు దినములలో తండ్రి తన మోటారుసైకిలుమీద నామెను పెద్దరోడ్డు దాటించి, బడి గేటు కడ దింపి పోవుచున్నాడు.