ఉన్మాదుల పద్దు నుంచి సొంత పేరుకు: డౌన్ సిండ్రోమ్ చరిత్రలో ఒంగోలు సీమ

డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవారిని సమాజం ఏ పద్దులో వేసింది, ఏ పేరుతో పిలిచింది అన్నదానిలోనే వారి గౌరవ చరిత్ర చాలావరకు ఇమిడి ఉంది. 1866లో ఇంగ్లండులోని ఎర్ల్స్‌వుడ్ ఆశ్రమ వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ ఈ స్థితిని స్పష్టంగా వర్ణించి, ముఖకవళికలను బట్టి దానికి మంగోలుల జాతి పేరు తగిలించాడు. అదే ఏడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అప్పటి నెల్లూరు జిల్లాలోని ఒంగోలులో స్థిరపడ్డాడు. మిషను బడులు అక్షరానికి దూరంగా ఉన్న వర్గాలకు చదువు తెచ్చాయి గాని, నెమ్మదిగా నేర్చుకునే పిల్లలకు వేరే బోధన కావాలన్న ఊహ తెలుగునాట సంస్థగా నిలదొక్కుకోవడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

1904లో ఒంగోలు కొత్తగా ఏర్పడిన గుంటూరు జిల్లాలో చేరింది. 1912లో భారత ఉన్మాద చట్టం వచ్చింది. పుట్టుకతోనే బుద్ధి ఎదగనివాడినీ నడుమ మతి చలించినవాడినీ ఆ చట్టం ఒకే నిర్వచనం కింద ఉన్మాది అంది. మానసిక వ్యాధి ఏ వయసులోనైనా వచ్చి చికిత్సతో తగ్గగలది. మేధోవైకల్యం ఎదుగుదలలోని తేడా, దానికి కావలసింది శిక్షణ. ఈ రెంటినీ వేరుచేసిన మానసిక ఆరోగ్య చట్టం 1987లో వెలువడి 1993లో అమలయింది. జనగణన అంతకంటే వెనుకబడింది: 2001లో కూడా ఇద్దరినీ ఒకే గడిలో వేసి, 2011లో గాని విడిగా లెక్కించలేదు.

ఈలోగా శాస్త్రం కారణాన్ని తేల్చింది. వంశలక్షణాలను మోసే పోగుల్లాంటి క్రోమోజోములు మనిషి కణంలో 23 జతలుండగా, 21వది రెండుకు బదులు మూడు ఉండటమే ఈ స్థితికి మూలమని 1959లో పారిస్‌లో లెజెన్, గోతియే, టుర్పిన్ ప్రకటించారు. 1961లో జాతి పేరు వదలమని లాన్సెట్ పత్రికకు రాసినవారిలో డౌన్ మనుమడు నార్మన్ ఉన్నాడు. మంగోలియా కోరిన మీదట 1965లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పదాన్ని విడిచిపెట్టింది. కోస్తా జిల్లాల్లో మాత్రం బిడ్డకు ఏ లోపమున్నా మేనరికాన్ని అనడం నేటికీ అలవాటే. కొన్ని జన్యువ్యాధుల విషయంలో ఆ మాట నిజం. కానీ డౌన్ సిండ్రోమ్‌లో సుమారు 95 శాతం, అండమో వీర్యకణమో ఏర్పడే వేళ క్రోమోజోములు సరిగా విడిపోకపోవడం వల్ల వచ్చేవే కనుక, మేనత్త కొడుకును చేసుకున్నందుకే ఇలా జరిగిందని తల్లి మీద వేసే నింద నిరాధారం.

మేధోవైకల్యం ఉన్నవారి కోసం హైదరాబాదులో 1968లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ, సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో జాతీయ సంస్థ మొదలయ్యాక శిక్షణ ఒక శాస్త్రమైంది. ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కోటి వచ్చాక తర్వాతది నేర్పడం దాని ప్రధాన పద్ధతి. ఒంగోలు చుట్టుపట్ల మిరప కల్లాన్ని తీసుకుంటే, ఎర్రకాయను పోల్చుకోవడం, తెల్లబారిన తాలుకాయను పక్కకు వేయడం, తొడిమ తుంచడం వేర్వేరు మెట్లు. తాలును పట్టే కన్ను ప్రజ్ఞాలబ్ధి పరీక్షకు అందేది కాదు. అసలు ఏదైనా నేర్వాలంటే ముందు బతకాలి. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలోపం ఉంటుంది; గత శతాబ్ది తొలినాళ్లలో పదేళ్లు కూడా దాటని సగటు ఆయువు వైద్యం అందే దేశాల్లో నేడు 60 దాకా చేరిందంటే అందులో గుండె శస్త్రచికిత్సల వాటా పెద్దది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఇక్కడి పేద ఇళ్లకు ఆ తలుపు తెరిచింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకలోనే గుర్తించవలసిన లోపాల్లో డౌన్ సిండ్రోమ్‌నూ చేర్చింది.

ఆయువు పెరిగేసరికి తల్లిదండ్రుల తర్వాత ఎవరన్న ప్రశ్న ముందుకొచ్చింది. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం, జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీ ద్వారా సంరక్షకుణ్ణి నియమించే ఏర్పాటు చేసింది. దాని కింద వైకల్యం ఉన్న వ్యక్తి తరఫున నిర్ణయాలు సంరక్షకుడివి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పరిమిత సంరక్షణ అనే భావన తెచ్చి, ఇద్దరూ కూర్చుని కలిసి నిర్ణయించుకోవాలంది. రెండూ అమలులోనే ఉన్నాయి. తండ్రి విడిచిన రెండెకరాల పత్తి చేను కౌలుకిచ్చేటప్పుడు కాగితం మీద ఎవరి సంతకం పడాలన్నదానికి ఒక్కో చట్టం ఒక్కో జవాబు చెబుతోంది.