పొడల వెల

కిందటి వేసవిలో మా అబ్బాయి ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అందులో ఒక మగ పాము, మూడు ఆడ పాములు, గుడ్లు పొదగడానికి ఒక ఇంక్యుబేటరు, నాలుగేళ్ల జమాఖర్చు ఉన్నాయి. అడుగున నా దగ్గర అప్పుగా కావలసిన మొత్తం రాసి ఉంది. వాడికి పదిహేడేళ్లు. వెంటనే కాదనడానికి నోరు రాలేదు. సరే అనడానికి మనసొప్పలేదు. ముందు చదవవలసింది చదివి చెబుతానని గడువు అడిగాను. మర్నాడు వాడే ఒక లావుపాటి పుస్తకం తెచ్చి ఇచ్చాడు. టెక్సాస్‌కు చెందిన డేవిడ్, ట్రేసీ బార్కర్ దంపతులు 2006లో ప్రచురించిన బాల్ పైథాన్ల చరిత్ర, జీవనం, పెంపకం. ఈ వ్యాసం ఆ పుస్తకం పుణ్యమే.

బాల్ పైథాన్ అంటే పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాల చిన్న కొండచిలువ. పెద్ద ఆడది కూడా ఐదడుగులు దాటడం అరుదు. విషం లేదు. భయపడితే తల మధ్యలో దాచుకొని బంతిలా చుట్టుకుంటుంది. ఆ పేరు అందుకే వచ్చింది. శాస్త్రీయ నామం పైథాన్ రీజియస్, అంటే రాచ కొండచిలువ. ఈ జాతిని 1802లో లోకానికి మొదట వర్ణించినవాడు జార్జ్ షా అనే ఆంగ్లేయుడు. వైద్యం చదివి బ్రిటిష్ మ్యూజియంలో చేరినవాడు.

ఆ పేరు దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. మన రక్తపింజరికి శాస్త్రీయ నామం పెట్టిందీ ఆ షాయే. అది 1797. పాట్రిక్ రస్సెల్ అనే మరొక వైద్యుని గౌరవార్థం ఆ పాముకు ఆయన పేరు పెట్టారు. రస్సెల్ 1782లో విశాఖపట్నం వచ్చి, కంపెనీవారి ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పనిచేసి, కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో రంగుల చిత్రాలతో పెద్ద గ్రంథం వేశాడు. అందులో పాములకు మనవాళ్లు పిలిచే పేర్లే ఆంగ్ల లిపిలో అచ్చయ్యాయి. రక్తపింజరి అక్కడ కాటుక రేకుల పొడ. కొండచిలువ పెద్ద పొడ. పొడ అంటే మచ్చ. పామును దాని ఒంటి మీది మచ్చలను బట్టి గుర్తుపట్టి పేరు పెట్టిన జనం మనవాళ్లు. రెండు వందల ఏళ్ల తరువాత అమెరికాలో ఒక వ్యాపారం మొత్తం ఆ పొడ మీదనే నిలబడింది. మా అబ్బాయి కాగితంలోని ప్రతి అంకె వెనుక ఉన్నది పొడల వెలే.

ఆఫ్రికాలో ఈ పాము చెదపుట్టల్లో, ఎలుక కలుగుల్లో ఉంటుంది. బెనిన్ దేశంలోని విదా పట్టణంలో దీనికి గుడి ఉంది. ఎదురుగా క్రైస్తవుల బసిలికా. గుడిలోని పాములను రాత్రిపూట బయటికి వదులుతారు. అవి ఎవరి ఇంట్లో దూరినా చంపకుండా తెచ్చి అప్పగిస్తారు. అక్కడి సర్పపూజ గురించి డచ్చి వర్తకుడు విలెం బోస్మన్ 1704లోనే రాశాడు. పుట్టలో పాలు పోసే నాగులచవితి ఎరిగిన మనకు ఇందులో వింత ఏమీ కనబడదు. వింతైనది తరువాతి సంగతి. అదే గడ్డ మీద, బెనిన్, టోగో, ఘనా దేశాలలో, పల్లెజనం పుట్టలు తవ్వి చూలు పాములను, గుడ్లను సేకరిస్తారు. వాటిని కేంద్రాలలో పొదిగించి, పిల్లలను విమానాలకెక్కించి పాశ్చాత్య దేశాలకు పంపే వర్తకం పెరిగింది. ఒక చోట దైవం, పక్క ఊళ్లో ఎగుమతి సరుకు.

అలా వచ్చే వేల పిల్లలలో ఎప్పుడో ఒకటి వేరే రంగులో ఉండేది. వ్యాపారులు దానిని పక్కకు తీసి ఎక్కువ ధరకు అమ్మేవారు. అయితే ఆ రంగు వంశపారంపర్యమో, పిండ దశలో జరిగిన పొరపాటో ఎవరికీ తెలియదు. తేల్చడానికి ఒకటే దారి: పెంచి, జత కట్టించి, పిల్లలను చూడటం. 1992లో బాబ్ క్లార్క్ ఆల్బినో బాల్ పైథాన్లను తన దగ్గర పుట్టించి, అది మెండెల్ సూత్రాల ప్రకారం నడిచే అంతర్గత లక్షణమని రుజువు చేశాడు. ఐదేళ్లకు, 1997లో, పీటర్ కాల్ పైబాల్డ్‌ను సాధించాడు. తెల్లని ఒంటి మీద అక్కడక్కడ మామూలు రంగు ముక్కలు అతికించినట్టుండే పాము. అక్కడితో ఆట మొదలైంది. ఈ వికల్పాలను వాళ్లు మార్ఫ్ అంటారు.

ఈ ఆట ఆర్థిక శాస్త్రం మా అబ్బాయి కాగితంలో లేదు. బార్కర్ దంపతుల పుస్తకం చదువుతూ నేనే కూడుకున్నాను. ఆడ పాము గుడ్లు పెట్టడానికి దాదాపు కిలోన్నర బరువు, సుమారు మూడేళ్ల వయసు రావాలి. ఏడాదికి మహా అయితే ఒక ఈత, అందులో ఐదారు గుడ్లు. గుడ్లు పొదగడానికి 31, 32 డిగ్రీల వేడిలో రెండు నెలలకు కాస్త తక్కువ. వారానికొక ఎలుక చొప్పున, పాము మొండికేసి ఉపవాసం ఉండే నెలలు తీసేసినా, మూడు ఆడ పాములకు మూడేళ్లలో నాలుగు వందల ఎలుకలు. ఒక్క గుడ్డు కంటబడకముందే!

మావాడు తక్కువ పెట్టుబడి అని పైకి మామూలుగా ఉండి లోపల పైబాల్డ్ జన్యువు దాచుకున్న జోడీలను ఎంచుకున్నాడు. వాటికి పుట్టే పిల్లలలో నాలుగింట ఒకటి పైబాల్డ్ అవుతుందని సూత్రం. కానీ ఐదు గుడ్ల ఈతలో ఒక్కటీ రాకపోయే అవకాశం దాదాపు 24 శాతం. రెండు అంతర్గత లక్షణాలను కలపాలనుకుంటే పదహారింట ఒకటి. అప్పుడు ఐదు గుడ్లలో ఒక్కటీ రాకపోయే అవకాశం 72 శాతం. మెండెల్ బఠాణీ గింజలను వేలల్లో లెక్కపెట్టాడు. ఐదు గుడ్లు పెట్టుకొని సూత్రాన్ని నమ్ముకుంటే అది వ్యవసాయం కాదు, లాటరీ.

దీనికన్నా ముఖ్యమైనది ధర. బంగారం కొన్నవాడి దగ్గర బంగారం పిల్లలు పెట్టదు. ఈ సరుకు పెడుతుంది. కొత్త మార్ఫ్‌ను వేల డాలర్లిచ్చి కొన్న ప్రతివాడూ మూడేళ్లలో అదే మార్ఫ్ అమ్మేవాడవుతాడు. పైగా ఒక మగ పాము ఒకే రుతువులో అనేక ఆడ పాములతో జత కడుతుంది. జన్యువు మగవాటి ద్వారా వేగంగా పాకుతుంది. అందువల్ల ధర పడటం ప్రమాదం కాదు, ఆ వ్యాపారపు స్వభావమే. ఒకనాడు వేలు పలికిన ఆల్బినో ఈనాడు కొన్ని వందలకే దొరుకుతుంది. కొన్ననాటి ధరతో నాలుగేళ్ల తరువాతి రాబడి లెక్క కట్టడమే మావాడు చేసిన తప్పు. దశాబ్దాలుగా పెద్దవాళ్లూ చేస్తున్న తప్పే అది.

వైద్యుడిగా నన్ను ఎక్కువగా కలవరపెట్టింది స్పైడర్ అనే మార్ఫ్ కథ. 1999లో న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో కెవిన్ మెకర్లీ దీనిని నిలబెట్టాడు. ఆఫ్రికా నుంచి వచ్చిన ఒకే ఒక పాము నుంచి ఈ వంశమంతా పుట్టింది. సాలెగూటి దారాల వంటి సన్నని నల్ల గీతలు, చూడటానికి ఎంతో అందం. కానీ స్పైడర్ పాములకు తల వణుకుతుంది. కొన్ని తలకిందులుగా మెలికలు తిరుగుతాయి. ఎరను కాటేయబోయి గురి తప్పుతాయి. 2022లో జర్మన్ శాస్త్రజ్ఞులు సూక్ష్మ సీటీ స్కాన్లు తీసి చూస్తే లోపలి చెవిలో అర్ధవర్తుల కుల్యలు వికృతంగా ఉన్నాయని తేలింది. తల తిరుగుతోందని మన దగ్గరికొచ్చే రోగి మాట చెప్పగలడు. పాము చెప్పలేదు. మచ్చను మార్చిన జన్యువే చెవినీ చెరిచింది. రెండింటినీ విడదీయడం ఇంతవరకు పెంపకందార్ల వల్ల కాలేదు. 1637లో కుప్పకూలిన డచ్చి తులిప్ సంతలో అన్నిటికన్నా ఖరీదైనవి చారల తులిప్పులు. ఆ చారలు ఒక వైరస్ తెగులు వల్ల వచ్చినవని శాస్త్రజ్ఞులు తేల్చేసరికి 1920లు వచ్చాయి. రోగానికి అందమని పేరు పెట్టి వెల కట్టడం మనుషులకు కొత్త కాదు.

ఇదే పెంపకం విజ్ఞానానికి మేలూ చేసింది. ఈస్టర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయం వారు పెంపకందార్లు పంపిన కుబుసాల నుంచి డీఎన్ఏ తీసి, 2022లో ఆల్బినో పాములలో టీవైఆర్ జన్యువు చెడిందని చూపారు. మనుషులలో మొదటి రకం ఆల్బినిజానికి కారణం ఆ జన్యువే. వైద్య విద్యలో నేను బట్టీపట్టిన పేరు ఒక పాము విడిచిన పొరలో కనబడింది.

మావాణ్ణి కూర్చోబెట్టి ధరల సంగతి ముందు మాట్లాడాను. వాడు తల వంచుకొని విన్నాడు. తరువాత ఒక ప్రశ్న అడిగాను: "నాలుగింట మూడు మామూలువి పుడతాయి కదా, వాటినేం చేస్తావు?" కాగితంలో వాటికి గడి లేదు. సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలలో ఒక బాల్ పైథాన్ 2020లో ఏడు గుడ్లు పెట్టింది. అప్పటికి దాని వయసు కనీసం అరవై రెండేళ్లు, పదిహేనేళ్లకు పైగా మగ పాము పొడ ఎరగదు. ఎవరూ కొనని పిల్ల కూడా ముప్పై ఏళ్లు బతకగలదు. ధర పడిపోయినంత మాత్రాన దాని ఆకలి పడిపోదు.

వారం తరువాత మావాడు కొత్త కాగితం తెచ్చాడు. ఒక మగది, ఒక ఆడది. రాబడి గడిలో సున్నా. మామూలు పిల్లలకు వేరే గడి, వాటి తిండికి ఏటా ఖర్చు. స్పైడర్ పేరు ఎక్కడా లేదు. అప్పు ఇచ్చాను. ఆడది ఇప్పుడు మూడు వందల గ్రాములుంది. ఇంకా కిలోకు పైగా పెరగాలి; అప్పటికి వాడు కాలేజీలో ఉంటాడు, ఎలుకలు కరిగించి పెట్టేది నేనే అవుతాను. ఆ గడి మాత్రం వాడు కాగితంలో వేయలేదు.