నాగుపాము విషం నుంచి జన్యు మందు దాకా: ఏఎల్‌ఎస్ ట్రయల్స్ నడిచిన దారి

ఏఎల్‌ఎస్ (కండరాలను నడిపే నరకణాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు) అందరిలో ఒకే వేగంతో ముదరదు. చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడంతోనో, మెట్ల మీద కాలు తడబడడంతోనో, మాట ముద్దముద్దగా రావడంతోనో మొదలై, ఎక్కువమందిని రెండు నుంచి ఐదేళ్లలో తీసుకుపోతుంది. అయినా పదిమందిలో సుమారు ఒకరు పదేళ్లు దాటి బతుకుతారు. స్టీఫెన్ హాకింగ్ జబ్బు బయటపడ్డాక ఐదు దశాబ్దాలకు పైగా జీవించారు. కొందరిలో జబ్బు నెలల తరబడి ముదరకుండా ఆగినట్టు ఉంటుంది. సరిగ్గా ఆ నెలల్లోనే రోగి ఏదో మందు వాడుతుంటే ఇంట్లోవాళ్లు దాన్ని మందు గుణమనే అనుకుంటారు. డాక్టరుకూ అలాగే అనిపించవచ్చు. ఆ భ్రమలో పడకుండా ఉండాలంటే మందు వేసుకున్నవాళ్లను వేసుకోనివాళ్లతో పోల్చి చూడాలి. అంటే ఎక్కువ కాలం బతకడని తెలిసిన మనిషికి మందు లేని మాత్ర (ప్లాసిబో) ఇచ్చి ఎదురుచూడమనాలి. పోల్చి చూడాల్సిన అవసరానికీ రోగి మీద జాలికీ మధ్య జరిగిన పెనుగులాటే ఏఎల్‌ఎస్ ట్రయల్స్ చరిత్ర అని నా అభిప్రాయం.

పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో నరాల వైద్యుడు షార్కో ఈ జబ్బును 1869లో వర్ణించాడు, 1874లో పేరు పెట్టాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా చికిత్స పేరుతో జరిగినదంతా తోచిన మందు వేసి చూడటమే. అమెరికా బేస్‌బాల్ వీరుడు లూ గెరిగ్‌కు 1939లో మేయో క్లినిక్‌లో ఈ జబ్బని తేలింది. ఆయనకు విటమిన్ ఇ కూడా ఇచ్చి చూశారు. 1941 జూన్‌లో, 37 ఏళ్ల వయసులో పోయాడు. 1970లలో ఫ్లోరిడాలో ఒక పరిశోధకుడు నాగుపాము విషంలోని విషగుణాన్ని తీసేసి ఇంజెక్షన్‌గా ఇవ్వసాగాడు. మేలు కనిపించిందని చెప్పిన రోగులు ఎందరో. చివరికి ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ డాక్టరుకూ తెలియకుండా పోల్చి చూశారు. 1979, 1980లలో వచ్చిన ఫలితాల్లో ఏ ప్రయోజనమూ కనిపించలేదు. 1983లో టీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను పెద్ద మోతాదులో ఎక్కిస్తే కండరాలకు కాసేపు బలం వచ్చినట్టు కనిపించి ఆశలు రేగాయి. పోలికతో చేసిన ట్రయల్స్‌లో ఆ ఆశా నిలవలేదు.

పోలికకు నిలిచిన మొదటి మందు రిలుజోల్. ఫ్రాన్స్‌లో 155 మందితో జరిగిన ట్రయల్ ఫలితం 1994లో వెలువడింది. ఏడాది తర్వాత మందు తీసుకున్నవాళ్లలో 74 శాతం, ప్లాసిబో తీసుకున్నవాళ్లలో 58 శాతం బతికి ఉన్నారు. మాట, మింగడం ముందుగా దెబ్బతిన్న రోగుల్లో లాభం మరీ ఎక్కువగా కనిపించింది. 959 మందితో జరిగిన రెండో ట్రయల్‌లో ఆ ప్రత్యేక లాభం మాయమైంది. మందు మాత్రం నిలిచింది. రోగుల్ని చిన్న గుంపులుగా విడదీసి చూస్తే అద్భుతాలు ఎలా కనిపిస్తాయో, మళ్లీ పరీక్షిస్తే ఎలా కరిగిపోతాయో అప్పుడే తెలిసింది. ఆ పాఠం తర్వాత చాలాసార్లు మరుగున పడింది. రిలుజోల్ ఆయుష్షు పెంచేది సగటున రెండు మూడు నెలలే. 1995 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. మన దగ్గర కూడా దొరుకుతుంది, ఇప్పటికీ డాక్టర్లు ముందుగా రాసేది అదే.

1993లో ఎస్‌ఓడీ1 జన్యువు దొరికింది, అందులో లోపం ఉంటే ఈ జబ్బు రావచ్చు. ఆ మరుసటి ఏడాదే ఆ లోపంతో ప్రయోగశాలలో ఎలుకల్ని పుట్టించారు. ఇక మందుల్ని ముందు ఎలుకల మీద వడబోయవచ్చనుకున్నారు. నరాల్ని పెంచే ప్రొటీన్లు, క్రియాటిన్, సెలికాక్సిబ్ వంటివి వరసగా మనుషుల దాకా వచ్చి ఓడిపోయాయి. వీటిలో మినోసైక్లిన్ గురించి ఆగి చెప్పాలి. అందరికీ తెలిసిన యాంటీబయాటిక్, ఎలుకల్లో బాగా పనిచేసింది, ప్రమాదం లేదని పేరు. 412 మందితో జరిపిన ట్రయల్ ఫలితం 2007లో వచ్చింది. మందు తీసుకున్నవాళ్లు ప్లాసిబో తీసుకున్నవాళ్లకంటే సుమారు 25 శాతం వేగంగా క్షీణించారు. పోల్చి చూడకపోయి ఉంటే ఆ క్షీణతను జబ్బు ఖాతాలోనే వేసేవాళ్లు. మేలు చేస్తుందనుకుని ప్రపంచమంతా ఆ మాత్ర రాసి ఉండేవాళ్లు. ప్లాసిబో అన్యాయమని ఎవరైనా అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ 412 మందే. వాళ్లలో ప్లాసిబో వచ్చినవాళ్లు తమకు తెలియకుండానే రాబోయే రోగుల్ని కాపాడారు.

మరుసటి ఏడాది బోస్టన్ దగ్గరి ఏఎల్‌ఎస్ టీడీఐ సంస్థ ఎలుకల ప్రయోగాలనే తిరగదోడింది. 1999లో జేమ్స్ హేవుడ్ ఈ జబ్బు వచ్చిన తన తమ్ముడు స్టీఫెన్ కోసం పెట్టిన సంస్థ అది. గతంలో పనిచేశాయన్న మందుల్ని తగినన్ని ఎలుకలతో, పక్షపాతం లేకుండా మళ్లీ పరీక్షిస్తే ఆ గెలుపులు తిరిగి రాలేదు. స్టీఫెన్ 2006లోనే పోయాడు.

క్షీణతను కొలిచేది ఎలా? 1999 నుంచి వాడుతున్న కొలమానంలో పన్నెండు ప్రశ్నలు, మొత్తం 48 మార్కులు. మాట, లాలాజలం, మింగడం, చేతిరాత, తిండి తినడం, బట్టలు కట్టుకోవడం, పక్క మీద అటూ ఇటూ ఒత్తిగిలడం, నడక, మెట్లు, ఊపిరికి సంబంధించి మూడు. మెట్ల ప్రశ్ననే చూడండి: మామూలుగా ఎక్కితే 4, నెమ్మదిస్తే 3, కాస్త తూలినా అలసినా 2, రెయిలింగో మనిషో ఆసరా కావాలంటే 1, అసలు ఎక్కలేకపోతే 0. రోగులు సగటున నెలకు ఒక మార్కు పోగొట్టుకుంటారు. చాలా ట్రయల్స్ జాతకం రెండు, రెండున్నర మార్కుల తేడా మీద తేలింది. ఇంట్లో ఆ రెండు మార్కులంటే, తన చేత్తో తాను అన్నం కలుపుకుని తినడం ఇంకొన్నాళ్లు సాగడం. అది చిన్న విషయం కాదు. కానీ ఆ తేడా మందు వల్ల వచ్చిందా, యాదృచ్ఛికమా అన్నది నూటముప్పై మంది ఉన్న చిన్న ట్రయల్‌తో తేలడం కష్టం.

2008లో ఇటలీ నుంచి లిథియం వార్త వచ్చింది. మానసిక వ్యాధికి దశాబ్దాలుగా వాడుతున్న చవక మందు అది. 44 మందిలో 16 మందికి రిలుజోల్‌తో పాటు లిథియం ఇచ్చారు. పదిహేను నెలల్లో ఆ 16 మందిలో ఒక్కరూ చనిపోలేదు. ఆ వార్త విన్న రోగి ఎలా ఆగుతాడు? వివిధ దేశాల రోగులు తమ డాక్టర్ల చేత లిథియం రాయించుకుని మోతాదులు, మార్కులు తామే నమోదు చేసుకున్నారు. పేషంట్స్‌లైక్‌మి అనే వేదికలో పోగైన ఆ సమాచారంలో 149 మంది లెక్కల్ని, మందు వాడనివాళ్లలో వాళ్లతో సరితూగే రోగుల లెక్కలతో పోల్చారు. లాభం లేదని తేలింది. రోగులు తమకు తాముగా నడిపిన ఆ ప్రయత్నం నాకు ఈ చరిత్రలో చాలా గౌరవనీయమైన ఘట్టంగా కనిపిస్తుంది. ఆశ వమ్మయిందన్న నిజాన్ని కూడా వాళ్లే బయటపెట్టుకున్నారు.

అదే సమయంలో అమెరికా, కెనడాల్లో మొదలైన లిథియం ట్రయల్‌లో మరో మార్పు వచ్చింది. ప్లాసిబో మీద ఉన్న రోగి ఆరు మార్కులు పడిపోతే వెంటనే అతనికి లిథియం ఇస్తారు. పోలిక చెడకుండానే ప్లాసిబో మీద గడిపే కాలం తగ్గింది. 84 మంది చేరాక లెక్క చూసి ప్రయోజనం లేదని ఆపేశారు. అక్కడితో లిథియం కథ ముగియలేదు. యూఎన్‌సీ13ఏ జన్యువులో ఒక తరహా ఉన్న కొద్దిమందికి అది ఉపయోగపడి ఉండవచ్చని పాత ట్రయల్స్ సమాచారాన్ని తిరగేసినవాళ్లు 2017లో గమనించారు. యూరప్‌లో జన్యువులో ఆ తరహా ఉన్నవాళ్లతోనే మళ్లీ ట్రయల్ పెట్టారు.

జపాన్ వేరే దారి పట్టింది. ఎడరవోన్ అనే మందు మొదటి పెద్ద ట్రయల్‌లో ఓడిపోతే, జబ్బు తొలి దశలో ఉన్న 137 మందిని ఎంచుకుని మళ్లీ పరీక్షించారు. 24 వారాల్లో సుమారు రెండున్నర మార్కుల తేడా వచ్చింది. 2015లో జపాన్, 2017లో అమెరికా అనుమతించాయి. తర్వాత యూరప్‌లో మరో కంపెనీ నోటి ద్వారా ఇచ్చే ఎడరవోన్‌తో జరిపిన పెద్ద ట్రయల్ 2024లో విఫలమైంది. మిథైల్‌కోబాలమిన్‌దీ ఇలా తొలి దశ రోగుల్ని ఎంచుకుని మళ్లీ పరీక్షించిన కథే. తిమ్మిర్లకు, మంటలకు మన డాక్టర్లు రాసే బీ12 మాత్ర అదే. అందుకే మన కుటుంబాలు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. జపాన్ ట్రయల్‌లో 130 మందికి పరీక్షించింది 50 మిల్లీగ్రాములు, వారానికి రెండుసార్లు, కండరంలోకి. మన మందుల షాపుల్లో దొరికే 1500 మైక్రోగ్రాముల మాత్రకు ముప్పై రెట్లకు పైనే. 16 వారాల్లో సుమారు రెండు మార్కుల తేడా కనిపించి 2024లో జపాన్ అనుమతించింది. ఆ ఫలితాన్ని మాత్రకు అంటగట్టడానికి లేదు.

పోలిక, జాలి ఎదురెదురుగా నిలబడ్డ ఘట్టం ఏఎంఎక్స్0035ది. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా జాషువా కోహెన్, జస్టిన్ క్లీ ఆలోచించిన జంట మందు అది. తల మీద ఐస్ నీళ్లు గుమ్మరించుకునే ఐస్ బకెట్ సవాలుతో 2014లో వచ్చిన విరాళాల్లో కొంత దీని ట్రయల్‌కు వెళ్లింది. 137 మందితో 24 వారాల్లో 2.3 మార్కుల తేడా వచ్చింది. 2022 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం 6–4తో వద్దంది. రోగులు ఊరుకోలేదు. పెద్ద ట్రయల్ ముగిసేదాకా ఉండేంత ఆయుష్షు తమకు లేదన్నారు. సెప్టెంబరులో సంఘం మళ్లీ కూర్చుంది. పెద్ద ట్రయల్ విఫలమైతే మందును వెనక్కి తీసుకుంటామని క్లీ అందరి ముందూ మాట ఇచ్చాడు. ఈసారి 7–2తో సరేనన్నారు. ఆ నెలాఖరుకే అనుమతి వచ్చింది. ఏడాదికి ధర సుమారు 1,58,000 డాలర్లు. 664 మందితో 48 వారాలు సాగిన ట్రయల్ ఫలితం 2024 మార్చిలో వచ్చింది. తేడా లేదు. ఏప్రిల్‌లో మందును మార్కెట్ నుంచి తీసేశారు. అనుమతి కోసం పోరాడిన రోగులది తప్పనడానికి నాకు నోరు రాదు. ఫలితం వచ్చేదాకా ఆ ట్రయల్‌ను వదలకుండా నిలబెట్టిందీ వాళ్లలాంటి రోగులే.

2020లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి కేంద్రంగా మెరిట్ కుడ్కోవిజ్ నాయకత్వంలో హీలీ ప్లాట్‌ఫామ్ ట్రయల్ మొదలైంది. ఇందులో పలు మందుల్ని పరీక్షిస్తూ, ఒక్కో మందు ప్లాసిబో గుంపునూ విడిగా చూడకుండా అన్నింటినీ కలిపి లెక్కిస్తారు. దాంతో నలుగురిలో ముగ్గురికి అసలు మందే అందుతుంది. మొదటి మందులు ఓడిపోయినా ఆ సంగతి మునుపటికంటే త్వరగా తేలింది.

ట్రయల్ అన్న పేరున్న ప్రతిదీ ఇలాంటిది కాదు. మన దేశంలో ట్రయల్ పేరు చెప్పి స్టెమ్ సెల్స్ ఎక్కించి లక్షలు తీసుకునేవాళ్లున్నారు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఏఎల్‌ఎస్‌కు స్టెమ్ సెల్స్‌ను అనుమతి పొందిన ట్రయల్‌లో తప్ప వాడకూడదు. 2009 జూన్ నుంచి ప్రతి మందు ట్రయల్‌నూ సీటీఆర్‌ఐలో (మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు చేయాలి. ఆ రిజిస్ట్రీని ఎవరైనా చూడొచ్చు. నమోదు లేకుండా, పోలిక లేకుండా, డబ్బు కట్టించుకుని ఇచ్చేదాన్ని నేను ట్రయల్ అనను.

అసలైన ట్రయల్స్ విషయానికి వస్తే, ఎస్‌ఓడీ1 జన్యువు దొరికిన ముప్పై ఏళ్లకు ఆ జన్యువు మీద పనిచేసే మందు వచ్చింది. టోఫర్సెన్‌ను నడుములో సూది గుచ్చి వెన్ను నీటిలోకి ఎక్కిస్తారు. తొలి మూడు మోతాదులు రెండేసి వారాల ఎడంతో, ఆపైన 28 రోజులకొకటి. ఏఎల్‌ఎస్ రోగుల్లో సుమారు రెండు శాతానికే ఇది పనికొస్తుంది. 108 మందితో 28 వారాలు జరిగిన ట్రయల్‌లో మార్కుల తేడా చాలలేదు, లెక్కప్రకారం ఓటమే. కానీ నరకణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే న్యూరోఫిలమెంట్ అనే ప్రొటీన్ సగానికి పైగా తగ్గింది. తర్వాత అందరికీ మందు ఇచ్చి, ట్రయల్ మొదలైన ఏడాదికి చూస్తే, మొదటి నుంచీ తీసుకున్నవాళ్లకు ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లకంటే మూడున్నర మార్కులు మిగిలాయి. ఆ రక్తపరీక్ష ఆధారంగా 2023 ఏప్రిల్‌లో అమెరికాలో షరతులతో అనుమతి ఇచ్చారు.

ఇప్పుడు అట్లాస్ అనే ట్రయల్‌లో ఎస్‌ఓడీ1 లోపం ఉండి ఇంకా ఏ లక్షణమూ లేనివాళ్ల రక్తాన్ని పదేపదే పరీక్షిస్తున్నారు. న్యూరోఫిలమెంట్ నిర్ణీత స్థాయి దాటితే అప్పుడు కొందరికి టోఫర్సెన్, కొందరికి ప్లాసిబో ఇస్తారు. ఎవరిలోనైనా జబ్బు లక్షణాలు మొదలైతే, అప్పటిదాకా ఏ గుంపులో ఉన్నా, ఇక మందే ఇస్తారు.