తెలుగు మాండలిక పదాలు: చరిత్ర

తెలుగు నేల మీద ఒక్కో సీమకే పరిమితమైన వాడుక మాటలను మాండలిక పదాలంటారు. ప్రాచీన లాక్షణికులు మొదలు 19వ శతాబ్దంలో వ్యాకర్త చిన్నయసూరి దాకా వీటిని గ్రామ్యమని పక్కన పెట్టారు.

1854లో సి.పి. బ్రౌన్ మిశ్రభాషా నిఘంటువు అచ్చయింది. తెలుగులో కలిసిన పారసీ, అరబ్బీ, హిందుస్తానీ మాటలను ఆయన ఓపిగ్గా పోగుచేశాడు. తెలంగాణవారు దవాఖానా, షురూ, దస్తీ అంటే చిరాకుపడిన కోస్తావారు తాము రోజూ వాడే ఖరీదు, దుకాణం, తహసీల్దారు ఎక్కడివో ఆరా తీయలేదు. ఆ మాటకొస్తే కోస్తా అన్న పేరే పోర్చుగీసువారిది. దస్తీ (చేతిరుమాలు) మాత్రం పారసీలో చేతిని చెప్పే 'దస్త్' నుంచి వచ్చింది.

గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమం గ్రాంథికాన్ని కదిలించింది. అయితే ఆ పీటమీద కూర్చున్నది కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల చదువరుల మాటే.

మాండలిక పదాల సేకరణలో అసలైన పని భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిది. చదువుకున్నవారి మాట పుస్తకాల ప్రభావంతో మారిపోతుంది కనుక ఆయన రైతులను, నేతగాళ్లను ఆశ్రయించారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. మేడి, కర్రు, కాడి వంటి పనిముట్ల పేర్లు ఊరూరా ఎలా మారతాయో అందులో చూడవచ్చు. కోస్తా నాగలి రాయలసీమలో మడక. ఈ సామగ్రి ఆధారంగానే ఆయన తెలుగు నేలను పూర్వ, మధ్య, దక్షిణ, ఉత్తర మండలాలుగా విభజించారు. కళింగాంధ్ర పూర్వ మండలం, తెలంగాణ ఉత్తర మండలం.

మాండలికమంటే అసలు మాట చెడిపోయిన రూపమన్న అపోహకు వేరుశనగే జవాబు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట కాబట్టి దానికి పాత తెలుగు పేరే లేదు. కోస్తాలో వేరుశనగ, తెలంగాణలో పల్లి, చిత్తూరు వైపు చెనిక్కాయలు, కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో బుడ్డలు. ఎవరికి వారు పెట్టుకున్న పేర్లే ఇవన్నీ.

సినిమాల్లో తెలంగాణ మాటను చాలాకాలం రౌడీలకు, హాస్యగాళ్లకు అంటగట్టారు. ఫిదా (2017) కథానాయిక అదే మాటతో, పుష్ప (2021) కథానాయకుడు చిత్తూరు మాటతో ప్రేక్షకులను మెప్పించారు. 'యాస' అన్న పిలుపు మీద చిరాకు మాత్రం పోలేదు. తమది యాస కాదు, భాషేనని వాదించే తెలంగాణవారు కవి కాళోజీ నారాయణరావు పుట్టిన సెప్టెంబరు 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు.