రాక్షసి బొగ్గు మొదలు కొంగు బంగారము వఱకు

అలంకారమనగానే మన యిండ్లలో రెండు తలంపులు కలుగును. ఒకటి పెట్టెలోని నగ. రెండవది బాలురు పరీక్షకై కంఠస్థము చేసి, పరీక్ష ముగిసిన మఱునాడే మఱచిపోవు లక్షణముల పట్టిక. ఉపమ యననేమి, రూపకమననేమి యని యడిగిన తోడనే లక్షణమును తడుముకొనక యప్పగింపగల విద్యార్థి, తన వీథిలో దినదినము వినబడు మాటలలో నొక్క రూపకమునైనను గుర్తింపలేకున్నాడు. ఈ లోపము వానిది కాదు. అలంకారము కావ్యములందే యుండునని బోధించు మన పద్ధతిది. అలంకారము నిత్యవ్యవహారమున నున్నదనియు, అది సత్యమును వెలిగించుటకును కప్పిపుచ్చుటకును గూడ నక్కఱకు వచ్చుననియు, అందుచే దానిని గుర్తింప నేర్చుట స్త్రీలకును పురుషులకును సమానముగా నవసరమనియు మా యభిప్రాయము. దీనికి దృష్టాంతముగా నొక కావ్యమును గాక, కొత్తగూడెం మొదలు గోదావరిఖని వఱకు వ్యాపించిన బొగ్గుగనుల సీమలోని కొన్ని మాటల చరిత్రను గైకొందుము.

ముందుగా శాస్త్రమును గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. భరతముని నాట్యశాస్త్రమున బేర్కొన్న యలంకారములు నాలుగే: ఉపమ, రూపకము, దీపకము, యమకము. 16వ శతాబ్దమున అప్పయ్యదీక్షితులు కువలయానందమును రచించునాటికి వాని సంఖ్య నూటికి మించెను. నడుమ 9వ శతాబ్దమున కాశ్మీరదేశమందు ఆనందవర్ధనుడు, మాట పైకి చెప్పిన యర్థము కంటె చెప్పక స్ఫురింపజేసిన యర్థమే కావ్యమునకు ఆత్మ యని ధ్వనిసిద్ధాంతమును స్థాపించెను. తెలుగుదేశమును ఈ విద్యలో వెనుకబడలేదు. 1323వ సంవత్సరముతో రాజ్యము ముగిసిన కాకతీయ ప్రతాపరుద్రుని యాస్థానమున, ఓరుగంటిలో, విద్యానాథుడు ప్రతాపరుద్రీయమును సంస్కృతమున రచించెను. తరువాత విన్నకోట పెద్దన కావ్యాలంకారచూడామణిని, భట్టుమూర్తి నరసభూపాలీయమును తెలుగున రచించిరి.

ఈ గ్రంథములలో నొక విశేషమున్నది. విద్యానాథుడు ప్రతి లక్షణమునకును తానే యుదాహరణము రచించి, దానినెల్ల ప్రతాపరుద్రుని స్తోత్రముగా మలచెను. నరసభూపాలీయమున నుదాహరణములు నరసరాజునకు జెందినవి. రాజు సూర్యుడగును, సముద్రమగును, కల్పవృక్షమగును. శిష్యుడు రూపకమును నేర్చుకొనుచునే రాజభక్తిని గూడ నేర్చుకొనును. ఇది యా కవుల దోషమని మేమనము. ఆశ్రయము లేనిదే గ్రంథము వెలువడని కాలమది. కాని యొక సంగతి మనము గ్రహింపవలెను. ప్రతి యలంకారమునకును నొక వక్త యుండును. ఆ వక్తకొక పక్షముండును. ఈ పోలిక ఎవరి నోట బుట్టినది, ఎవరికి మేలు చేయుచున్నది యను ప్రశ్న మన బడులలో నడుగబడుటలేదు. గనుల సీమ మాటలను జూచినచో ఆ ప్రశ్న యెంత యవసరమో తెలియును.

1871లో భూగర్భశాస్త్ర సర్వే శాఖకు జెందిన డాక్టరు విలియం కింగ్ ఎల్లందు సమీపమున బొగ్గును గనుగొనెను. 1886లో ఇంగ్లండున స్థాపితమైన హైదరాబాదు (దక్కన్) కంపెనీ అచటి గనుల హక్కును సంపాదించెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. 1945లో నిజాం ప్రభుత్వము దాని వాటాలను కొనెను. నేడు దానిలో తెలంగాణ రాష్ట్రమునకు నూటికి 51 వంతులును, కేంద్రప్రభుత్వమునకు 49 వంతులును గలవు. ప్రధాన కార్యాలయము కొత్తగూడెమందున్నది. ఇది యెల్లరెఱిగిన చరిత్ర. ఇక మాటల చరిత్రను జూతము.

అంతవఱకు తెలుగువారికి బొగ్గనగా కట్టెబొగ్గే. కమ్మరి కొలిమిలోనిది, కుంపటిలోనిది. నేల నుండి త్రవ్వి తీసిన రాయి మండుట, అదియు కట్టెను మించిన వేడితో మండుట, వింత. ఆ వింతకు మనవారు కొన్ని పేర్లు పెట్టిరి. నేలబొగ్గు అనునది యున్నదున్నట్లు చెప్పిన పేరు. రాక్షసి బొగ్గు అనునది యలంకారము. ఇందు రాక్షసి యెవ్వతెయు లేదు. మాటకు గల మొదటి యర్థము, శాస్త్రము వాచ్యార్థమనునది, ఇక్కడ పొసగదు. పొసగనప్పుడు మనస్సు దానితో సంబంధము గల మఱియొక యర్థమును, అనగా భయంకరమైన శక్తిని, పట్టుకొనును. ఇది లక్ష్యార్థము. ఆ మాట విన్నంతనే కలుగు జంకు, దీనితో జాగ్రత్తగా మెలగవలెనను హెచ్చరిక, వ్యంగ్యార్థము. పెద్ద గ్రంథములు బోధించు మూడు మెట్లును వంటయింటి మాట యొక్కదానిలో నున్నవి.

లక్షణ రెండు విధములని మమ్మటుడు మొదలైనవారు చెప్పిరి. వాడుకచే స్థిరపడి, పోలిక యను స్పృహయే పోయినది రూఢి. ఒక ప్రయోజనమునకై బుద్ధిపూర్వకముగా బ్రయోగించినది రెండవది. కుశలుడు అను మాటకు మొదట దర్భ కోయువాడని యర్థము; చేయి తెగకుండ దర్భ కోయుటకు నేర్పు కావలెను గనుక నేర్పరియని యర్థము స్థిరపడెను. నేడు ఆ మాట వినిన దర్భ యెవరికి దోచును? కొత్తగూడెం అనగా క్రొత్తగా వెలసిన చిన్నపల్లె. అది పట్టణమై, 2016లో జిల్లా కేంద్రమును అయినది; పేరు మాత్రము గూడెమే. సింగరేణి ఖమ్మం సీమలోని యొక యూరు. ఆ యూరి పేరే గోదావరికి రెండు వైపుల, పలు జిల్లాలలో వ్యాపించిన సంస్థకు పేరైనది. 2011 సెప్టెంబరులో సకలజనుల సమ్మె జరిగినప్పుడు సింగరేణి ఆగినది యనిరి. ఆగినది యూరు గాదు, సంస్థయు గాదు; వేలకొలది మనుష్యులు తమ చేతులను నిలిపిరి. గంగలో గొల్లపల్లె యున్నదనగా గంగయొడ్డున నున్నదని గ్రహింపవలెనని శాస్త్రజ్ఞులు చూపు పాత యుదాహరణమునకు ఇది దగ్గఱి చుట్టము.

గని లోపలి మాటలు మఱియు నాశ్చర్యకరములు. బొగ్గుపొరను సీమ్ అందురు; ఆంగ్లమున అది బట్ట కుట్టు. ఒక ముఖ్యమైన పొరకు కింగ్ సీమ్ అని పేరు. వినువారు రాజు పొర యని తలతురు. నిజమునకు అది డాక్టరు కింగ్ పేరు. క్వీన్ సీమ్ అను పొరయు నుండుటచే ఆ తలంపు మఱింత బలపడును. శ్లేష యనగా ఇదియే: ఒకే శబ్దమున మనిషియు రాజును గూడ నిలిచిరి. ఇక తలపై నున్న రాతిని రూఫ్ అనియు, కాలి క్రింది దానిని ఫ్లోర్ అనియు, త్రవ్వక విడిచిన బొగ్గు దిమ్మెలను పిల్లర్లనియు, నడుమ దారులను గ్యాలరీలనియు అందురు. ఇవన్నియు ఇంటి మాటలే: కప్పు, నేల, స్తంభము, వసారా. భూమి కడుపులో మనుష్యుడు మాటలతో నొక యిల్లు కట్టుకొనెను. కాని యీ యింటికి నొక ధర్మమున్నది. పని చివర ఆ స్తంభములనే త్రవ్వి తీసి, కప్పు కూలుటకు విడిచిపెట్టుదురు. ఏ గృహస్థుడును తన యింటికి చేయని పని యిది. ఉపమానము ఉపమేయమును విడిచిపోవు చోటు ఇదే. అపాయమును ఆ చోటనే యున్నది. పోలిక యెంతవఱకు నడచును, ఎక్కడ ఆగును అని చూడనివానికి రూఫ్ అను మాట నిద్రపుచ్చు మాట.

కార్మికులు గనిని బాయి యందురు. బాయికి పోవుట, బాయి పని యనుట అచట ప్రతి యింటి మాట. పల్లెల నుండి వచ్చినవారికి నేలలోనికి లోతుగా దిగునది తెలిసినంతలో నూతి యొక్కటే గనుక ఈ మాట వచ్చియుండునని మాకు దోచుచున్నది. బాయి యనగా నీరు, పైరు, ఊరివారి పలకరింపు. తెలియని చీకటికి తెలిసిన వస్తువు పేరు పెట్టి భయమును తగ్గించుకొనుట ఈ యలంకారమునకు ప్రయోజనము. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖనిలోని 7 ఎల్.ఈ.పీ. గనిలోనికి నీరు చొచ్చివచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. ఆనాడు బాయి యను మాట పోలికగా నుండుట మాని, తన మొదటి యర్థమునకు దిరిగివచ్చినది. ఇట్టి దుర్ఘటనలు జరిగినపుడు గని మింగినది యనుట వాడుక. దుఃఖములో నున్నవారి నోట ఆ మాట సహజము. దానిని దప్పుపట్టువాడు హృదయము లేనివాడు. కాని యదే మాట వ్రాతపూర్వకమైన నివేదికలోనికి వచ్చినచో జాగరూకత కావలెను. అచేతనమునకు చేతనధర్మమారోపించినప్పుడు కర్త మాఱిపోవును. గని మింగినచో ఇక విచారింపవలసినదేమున్నది? నీరు ఎక్కడ నుండి వచ్చినది, ఎట్లు వచ్చినది, ముందు తెలిసియుండెడిదా యను ప్రశ్నలు మనుష్యులను గూర్చినవి. అలంకారము వానిని మఱపింపరాదు.

ఇప్పుడు పేరుపొందిన రూపకమునకు వత్తము. రాక్షసి యైన బొగ్గు పత్రికలలోను, వేదికలపైనను నల్లబంగారమైనది. ఉపమకు నాలుగంగములు: ఉపమేయము, ఉపమానము, సమానధర్మము, ఉపమావాచకము. రూపకమున వాచకము లేదు, ధర్మమును సాధారణముగా జెప్పరు. దానిని మనమే వెదకవలెను. బొగ్గునకు బంగారమునకు సమానమైన ధర్మమేది? రెండును భూమి నుండి వచ్చును. రెండింటికిని వెల గలదు. అంతటితో సరి. బంగారము తరములు నిలుచును. బొగ్గు మండి బూడిదయగును. ధర చూచువానికి ఈ రూపకము సత్యము. పాల్వంచ విద్యుత్కేంద్రపు బూడిదను జూచువానికి అది సగము సత్యము. త్రవ్వువాని దగ్గును వినుచున్న యిల్లాలికి అది యెంత సత్యమో మేము చెప్పనక్కఱలేదు. నల్లవజ్రమను మాట యింతకంటె మేలైనది. బొగ్గున ముఖ్యభాగమును, వజ్రమును ఒకే మూలద్రవ్యమగుటచే ఆ పోలికకు శాస్త్రాధారమైనను గలదు.

కడపటిది కొంగు బంగారము. సింగరేణి తెలంగాణకు కొంగు బంగారమని తఱచు వినుచున్నాము. కొంగున ముడివేసికొన్న బంగారము, అడిగినపుడెల్ల అక్కఱ దీర్చునది. దేవతలను గూర్చి పలుకు మాట యిది. రాక్షసి ఇల్లు జొచ్చి ఇలవేలుపైన క్రమము చరిత్రకారునికి గొప్ప సాక్ష్యము. వేలాది కుటుంబములకు జీతము, చదువు, వైద్యము లభించుటచే ఈ కృతజ్ఞత పుట్టినది; అది బూటకము గాదు. అయినను ఈ మాటలో తరుగు అను భావము లేదు. బొగ్గు ఒకసారి తీసిన మఱల పెరుగదు. లోపలి గనుల కంటె నేడు ఓపెన్ కాస్టు గనుల నుండియే హెచ్చు బొగ్గు వచ్చుచున్నది. వానిని వలదనువారు తమ యూళ్లు బొందలగడ్డలగునని పలికిరి. కొంగు బంగారమును అలంకారమే, బొందలగడ్డయు నలంకారమే. ఒకటి నచ్చినదని మఱియొకదానిని త్రోసివేయుట విద్య గాదు. రెండింటిలోను ఉపమేయమైన ఆ గోతిని, దాని యంచున నున్న యూరిని, దాని బొగ్గుతో వెలుగు దీపమును విడిగా నిలిపి చూచుటయే విద్య.

కావున సోదరీసోదరులకు మా మనవి యిది. అలంకారమెదురైన ప్రతి చోటను మూడు ప్రశ్నలు వేయుడు. ఇందు సమానధర్మమేది? ఏ ధర్మమును ఈ పోలిక విడిచిపెట్టినది? దీనిని పలుకువారెవరు, దీనివలన మేలు పొందువారెవరు? పిల్లలకు లక్షణములు వల్లె వేయించుటకు ముందు, సాయంకాలము ఇంట వినబడిన మాటలలో నుండి మూడింటిని ఏరి తెమ్మనుడు. కొత్తగూడెం బాలిక బాయిని దెచ్చును, గోదావరిఖని బాలుడు ఖని యను మాటనే దెచ్చును. అమ్మలు కొంగు బంగారమును విప్పి చెప్పగలరు. అది వారి కొంగు మాటయే గదా. ఇట్లు నేర్చినవారు పెద్దలై సంఘసభలలోను, ఎన్నికల వేదికల యొద్దను, పత్రికల యెదుటను గూర్చున్నపుడు, మాట యెంత యింపుగా నున్నను దాని వెనుకనున్న వస్తువు కొఱకు వెదకుదురు.