తోడుకి చెంచాడు చాలు

పాలు ఎంత చిక్కనివైనా, కాచి చల్లార్చి ఊరికే పెడితే పెరుగవుతాయా? చెంచాడు తోడు పడాల్సిందే! కంప్యూటరూ అంతేనండీ. మీట నొక్కగానే దానికి తన పేరు కూడా తెలీదు. లోపల అంటించి ఉన్న ఓ చిన్న చిప్పు ముందుగా కళ్లు తెరిచి, తోడు ఎక్కడుందా అని వెతుకుతుంది. దొరికాక అందులో నాలుగు ముక్కలు చదువుతుంది. ఆ నాలుగూ మరో నలభైని పిలుస్తాయి. దీన్నే 'బూట్' చేయడమంటారు. తన బూటు పట్టీలు తానే పట్టుకుని పైకి లేవడమన్న ఇంగ్లీషు నుడికారం లోంచి వచ్చిన మాట.

నిజామాబాదు వాళ్లకి ఇది కొత్త కాదు. 1931 నాటికి నిజాంసాగర్ కట్టడం పూర్తయింది. మంజీర నీళ్లు కాలవల్లోకి వచ్చాయి, చెరుకు పెరిగింది. 1937లో బోధన్ దగ్గర షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. చక్కెర మిల్లులో చెరుకు పిండగా మిగిలిన పిప్పినే పొయ్యిలో వేస్తారు. ఆ ఆవిరితోనే మళ్లీ చెరుకు పిండుతారు. మరి సీజను మొదటి రోజున? పిండాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి పిప్పి కావాలి, పిప్పి రావాలంటే పిండాలి! అంచేత మిల్లులవాళ్లు కిందటేటి పిప్పి కొంత దాచుకుంటారు. అదీ తోడంటే. బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. పిప్పి లేక కాదు లెండి, ఆ కథ వేరు.

కంప్యూటరు తన తోడు దాచుకునే గిన్నె చాలాకాలం హార్డ్ డిస్కే. 1956లో ఐబీఎం వాళ్లు తెచ్చిన మొదటి డిస్కులో రెండడుగుల వెడల్పు పళ్లేలు యాభై! బరువు దాదాపు టన్ను. పట్టేది 50 లక్షల అక్షరాలు. తరవాత అది అరచేతిలో ఇమిడింది గానీ, లోపల పళ్లెం తిరగడం మానలేదు. తిరిగే వస్తువు ఏనాటికైనా అరుగుతుంది, కింద పడితే పగులుతుంది.

తిరగని గిన్నెని ఆలోచించినవాడు జపానులో తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసుఓకా. 1984లో దాన్ని లోకానికి చూపించాడు. చిన్న చిన్న గదుల్లో విద్యుత్కణాలను బంధించి ఉంచుతుంది, కరెంటు పోయినా అవి పారిపోవు. ఒక్క దెబ్బతో చెరిగిపోవడం చూసి, కెమెరా ఫ్లాష్ వెలిగినట్టుందని తోటి ఉద్యోగి అన్నాడట. పేరు అలా వచ్చింది.

1994లో శాన్‌డిస్క్ వాళ్లు కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు తెచ్చారు, కెమెరాల కోసం. అయితే అది మాట్లాడే భాష హార్డ్ డిస్కు భాషే! ఓ చిన్న అతుకు తగిలిస్తే పాత లాప్‌టాపు దాన్ని డిస్కే అనుకుంటుంది. చప్పుడు లేదు, వేడి తక్కువ. 1999లో ప్రకటించిన ఎస్‌డీ కార్డుది మాత్రం వేరే యాస. చాలా పాత లాప్‌టాపులు దాని గాడిలోంచి లేవవు. అదే కార్డుని యూఎస్‌బీ రీడరులో పెడితే కొన్ని లేస్తాయి. 2007లో ఏసుస్ ఈ-పీసీ హార్డ్ డిస్కు లేకుండా ఫ్లాష్‌తోనే వచ్చింది. 2012 నాటి రాస్‌బెర్రీ పై అయితే కార్డునే నమ్ముకుంది.

అబ్బాయి హైదరాబాదులో ఇంజనీరింగు చదివిన రోజుల లాప్‌టాపు మీ బీరువాలో ఉందా? డిస్కు పోయిందని పాతసామాన్లవాడికి ఇచ్చేముందు, ఓ కార్డులో లినక్సు ఎక్కించి చూడమనండి. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థ లినక్సుని తెలుగులోకి కూడా తెచ్చింది.

కానీ అమ్మాయి పెళ్లి ఫొటోలు దాంట్లో ఒక్కచోటే దాచకండి. ఫ్లాష్ గదులకి రాసి చెరిపే లెక్క ఉంది. కెమెరా ఎప్పుడో ఒక ఫొటో రాస్తుంది, కంప్యూటరైతే మనం ఊరుకున్నా ఏదో ఒకటి గీకుతూనే ఉంటుంది. అంచేత చవక కార్డు త్వరగా అలిసిపోతుంది. పైగా ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా వేడిలో పడుంటే, బంధించిన కణాలు మెల్లిగా జారుకుంటాయి. మన రోహిణీ కార్తె ఎండలు మీకు తెలియనివా? ఫొటోల కాపీ ఒకటి వేరే డిస్కులో, మరొకటి అమ్మాయి ఇంట్లో ఉంచండి. కార్డుకి లేపే పని చాలు.