నెలలు నిండని కాన్పు: బిడ్డతో పాటు బాలింతకూ ఆసుపత్రిలో అందాల్సిన సంరక్షణ ఏమిటి?

గర్భం 37 వారాలు పూర్తికాకముందే జరిగే ప్రసవాన్ని అకాల ప్రసవంగా వైద్యశాస్త్రం పరిగణిస్తుంది. 28 వారాలలోపు పుట్టిన శిశువులు అత్యంత బలహీనులు. 28 నుంచి 32 వారాల మధ్య పుట్టినవారికీ నిపుణుల పర్యవేక్షణ తప్పనిసరి. 32 వారాలు దాటిన తర్వాత పుట్టినవారిలో చాలామంది తగిన పాలు, వెచ్చదనం, పరిశుభ్రత లభిస్తే కోలుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 1.34 కోట్ల మంది శిశువులు నెలలు నిండకుండా జన్మించారు. వారిలో 30 లక్షల మంది వరకు భారత్‌లోనే పుట్టారు.

ఈ శిశువుల చికిత్స గురించి మాట్లాడేటప్పుడు ఇంక్యుబేటర్లు, వెంటిలేటర్లే ముందుగా గుర్తుకు వస్తాయి. ఆ యంత్రాల పక్కన ఉండాల్సిన తల్లికి ఎలాంటి సంరక్షణ అందాలన్న ప్రశ్న మాత్రం చాలాకాలం వెనుకబడిపోయింది.

ఒకే కాన్పు, రెండు వార్డులు

ప్రసవం కాగానే తల్లి ప్రసూతి విభాగానికి, బిడ్డ నవజాత శిశు విభాగానికి వెళ్తారు. వైద్యులు వేరు, నర్సులు వేరు, కేసు షీట్లూ వేరు. కొన్ని ఆసుపత్రుల్లో ఈ రెండు విభాగాలు వేర్వేరు భవనాల్లో ఉంటాయి. బిడ్డను మరో ఊరి ఆసుపత్రికి తరలిస్తే తల్లి ఇక్కడ, బిడ్డ అక్కడ ఉండాల్సి వస్తుంది.

ఇబ్బంది డిశ్చార్జితో మరింత పెరుగుతుంది. సాధారణ కాన్పు అయిన తల్లి కొద్ది రోజులకే, సిజేరియన్ అయిన తల్లి సుమారు వారానికి మంచం ఖాళీ చేయాల్సి ఉంటుంది. బిడ్డ ఆసుపత్రిలో ఉండేది వారాల లెక్కలో. ఆసుపత్రి రికార్డుల్లో ఆ క్షణం నుంచి ఆమె రోగి కాదు, సందర్శకురాలు మాత్రమే. ఇంట్లో ఉంటే కాలు కింద పెట్టనివ్వని పచ్చి బాలింత, వరండాలో బల్ల మీద కూర్చుని బిడ్డను చూసే వేళ కోసం ఎదురుచూస్తుంది.

ప్రసవానికి ముందే మొదలయ్యే చికిత్స

నెలలు నిండకుండా నొప్పులు మొదలైతే, తల్లికి ఇచ్చే మందులే బిడ్డకు తొలి చికిత్స అవుతాయి. 24 నుంచి 34 వారాల మధ్య ప్రసవం అయ్యే అవకాశం ఉన్నప్పుడు డెక్సామెథసోన్ లేదా బీటామెథసోన్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఇవి గర్భస్థ శిశువు ఊపిరితిత్తులు త్వరగా పక్వమయ్యేందుకు తోడ్పడతాయి. ఈ విధానానికి పునాది వేసిన లిగిన్స్, హోవీల పరిశోధన 1972లో న్యూజిలాండ్ నుంచి వెలువడింది. 32 వారాలలోపు ప్రసవం తప్పదనుకుంటే, బిడ్డ మెదడుకు రక్షణగా తల్లికి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు.

ఈ మందులు పనిచేయడానికి వ్యవధి కావాలి. అందువల్ల ముందుగానే ఉమ్మనీరు పోవడం, రక్తస్రావం, క్రమం తప్పకుండా వచ్చే నొప్పులు, తీవ్రమైన తలనొప్పి వంటి లక్షణాలు కనిపించగానే, నవజాత శిశు విభాగం ఉన్న ఆసుపత్రికి చేరుకోవడం మేలు. పుట్టిన బిడ్డను తరలించడం కంటే గర్భిణిని తరలించడమే సురక్షితం.

బొగోటా నుంచి సఫ్దర్‌జంగ్ వరకు

కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్ల కొరత, ఇన్ఫెక్షన్లతో సతమతమవుతున్న ఓ ప్రసూతి ఆసుపత్రిలో, 1978లో డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా ఒక ప్రయోగం ప్రారంభించారు. శిశువును తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా నిటారుగా ఉంచి గుడ్డతో కట్టడం అందులోని కీలకాంశం. కంగారూ తన సంచిలో పిల్లను మోసే తీరును పోలినందున దీనికి ‘కంగారూ మదర్ కేర్’ అన్న పేరు స్థిరపడింది. తల్లికి వీలుకానప్పుడు తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ కూడా ఈ బాధ్యత తీసుకోవచ్చు.

అయితే బిడ్డ పరిస్థితి నిలకడకు వచ్చాకే ఈ పద్ధతిని ప్రారంభించాలన్నది దశాబ్దాల పాటు అమలైన నియమం. కాగా, మరణాల్లో అధిక భాగం ఆ నిలకడ రాకముందే సంభవిస్తాయి. పుట్టిన వెంటనే ప్రారంభిస్తే ఫలితం ఎలా ఉంటుందో తెలుసుకునేందుకు భారత్, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని ఐదు ఆసుపత్రుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం నిర్వహించింది. భారత్ నుంచి ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి ఇందులో పాల్గొంది.

కిలో నుంచి 1.799 కిలోల బరువున్న 3,211 మంది శిశువులను ఈ అధ్యయనంలో చేర్చారు. ఒక వర్గంలో తల్లి మంచాన్నే శిశు ఐసీయూలోకి తెచ్చారు. ఆ బిడ్డలు రోజుకు సుమారు 17 గంటలు ఎదపైనే ఉన్నారు. మరో వర్గంలో బిడ్డ నిలకడకు వచ్చేవరకు పాత పద్ధతినే పాటించారు. తొలి 28 రోజుల్లో మరణాలు మొదటి వర్గంలో 12 శాతం కాగా, రెండో వర్గంలో 15.7 శాతం. ఒళ్లు చల్లబడటం, ఇన్ఫెక్షన్ అనుమానిత కేసులు కూడా మొదటి వర్గంలో తగ్గాయి. ప్రయోజనం స్పష్టం కావడంతో అధ్యయనాన్ని గడువుకు ముందే ఆపివేశారు. ఫలితాలు 2021 మే నెలలో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ప్రచురితమయ్యాయి.

దీని ఆధారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నవంబరులో తన సిఫార్సులను మార్చింది. సొంతంగా ఊపిరి తీసుకోలేని, షాక్‌లో ఉన్న, వెంటిలేటర్ అవసరమైన శిశువులు మినహా మిగిలిన వారందరికీ పుట్టిన వెంటనే కంగారూ సంరక్షణ మొదలుపెట్టి, రోజుకు 8 నుంచి 24 గంటల వరకు కొనసాగించాలని సూచించింది. తల్లీబిడ్డలకు ఒకేచోట చికిత్స అందించే ‘మదర్ న్యూబార్న్ కేర్ యూనిట్’ (ఎంఎన్‌సీయూ) విధానం దేశంలో రూపుదిద్దుకున్నది ఈ ఆలోచన నుంచే. ఇక్కడ తల్లికి మంచం ఇవ్వడమే కాదు, ఆమె కుట్లు, రక్తస్రావం, రక్తపోటును చూసే ప్రసూతి సిబ్బంది కూడా అక్కడికే రావాలి.

తల్లి పాలు, దాత పాలు

సుమారు 34 వారాలు నిండేవరకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మధ్య సమన్వయం శిశువులకు పూర్తిగా కుదరదు. అంతవరకు పిండిన పాలను గొట్టం ద్వారా, తర్వాత ఉగ్గుగిన్నెతో పడతారు. కాన్పు అయిన తొలి గంటల్లోనే పాలు పిండటం మొదలుపెట్టి, రాత్రి వేళతో సహా రోజుకు 8 నుంచి 12 సార్లు కొనసాగిస్తేనే పాల ఉత్పత్తి నిలుస్తుంది. తొలినాళ్లలో వచ్చే ముర్రుపాలు కొద్ది చుక్కలే అయినా పారబోయకూడదు. బిడ్డకు దూరంగా, నిద్రాహారాలు లేని తల్లికి ఈ క్రమం పాటించడం కష్టం. అందువల్ల పాలు పడటం లేదన్న మాట వినగానే ఆమెను తప్పుపట్టడం కాకుండా, ఆమెకు మంచం, భోజనం, నర్సు సహాయం ఉన్నాయో లేదో చూడాలి.

తల్లి పాలు చాలనప్పుడు దాత పాలు ఆదుకుంటాయి. ఆసియాలోనే మొదటి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ చొరవతో ఏర్పాటైంది. హైదరాబాద్‌లోని నిలోఫర్ ఆసుపత్రిలో ‘ధాత్రి’ బ్యాంకు 2017లో ప్రారంభమైంది. సేకరించిన పాలను 62.5 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు పాశ్చరీకరించి, పరీక్షించిన తర్వాతే వాడతారు.

బాలింత శరీరం, మనసు

అకాల ప్రసవాలకు ఒక ప్రధాన కారణం గర్భిణిలో రక్తపోటు ప్రమాదకరంగా పెరగడం. కాన్పు కాగానే ఆ ముప్పు తొలగిపోదు. తర్వాతి వారంలోనూ రక్తపోటు పెరిగి మూర్ఛకు దారితీయవచ్చు. తలనొప్పి, చూపు మసకబారడం, జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం, అధిక రక్తస్రావం, కాలి పిక్కలో వాపు, నొప్పి ఉంటే వెంటనే వైద్యులకు చెప్పాలి. బిడ్డ ధ్యాసలో తల్లులు తమ బాధలను దాచుకోవడం తరచూ జరుగుతుంది. పథ్యం పేరిట నీళ్లు, పప్పు, కూరలు తగ్గించడం ఈ దశలో హాని చేస్తుంది.

అకాల ప్రసవం జరిగిన తల్లుల్లో కుంగుబాటు ముప్పు అధికం. “నా వల్లే ఇలా అయిందేమో” అన్న అపరాధ భావన, నిద్ర పట్టకపోవడం, బిడ్డను తాకేందుకు భయం రెండు వారాలకు మించి కొనసాగితే చికిత్స అవసరం. కేంద్ర ప్రభుత్వ ‘టెలీ మానస్’ సహాయవాణి 14416 ద్వారా ఉచితంగా సలహా పొందవచ్చు.

ఉచిత సేవలు, సెలవు

2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, రవాణా ఉచితం. అనారోగ్యంతో ఉన్న శిశువుకు ఏడాది వయసు వరకు ఉచిత చికిత్స లభిస్తుంది. తల్లి భోజనాన్ని మాత్రం సాధారణ కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజులుగా పథకం లెక్కించింది. బిడ్డ వారాల తరబడి ఆసుపత్రిలోనే ఉంటే ఈ లెక్క సరిపోదు. తల్లి వసతి, ఆహారాన్ని ఆమె కాన్పు తేదీతో కాకుండా బిడ్డ డిశ్చార్జి తేదీతో ముడిపెట్టాలన్నది ఎంఎన్‌సీయూ విధానం నుంచి సహజంగా వచ్చే ముగింపు.

ఉద్యోగినులకు 2017 సవరణ 26 వారాల ప్రసూతి సెలవు ఇచ్చింది. అకాల ప్రసవం వల్ల తల్లి అనారోగ్యం పాలైతే మరో నెల వరకు వేతనంతో కూడిన సెలవుకు 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమే వీలు కల్పించింది. కూలి పనులపై ఆధారపడిన తల్లులకు ఈ రక్షణ ఆచరణలో అందదు. వారికి ఆసుపత్రిలో గడిపే ప్రతి రోజూ కోల్పోయిన కూలి దినమే.

ఇంటికి వెళ్లే ముందు

బిడ్డ బరువు క్రమంగా పెరుగుతోందా, పాలు పట్టడంపై తల్లికి నమ్మకం కుదిరిందా అన్నవి డిశ్చార్జికి ముఖ్య ప్రమాణాలు. 34 వారాలలోపు లేదా 2 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన శిశువుకు, 4 వారాల వయసులోపు రెటీనా పరీక్ష జరగాలి. గడువు దాటితే చూపు కోల్పోయే ప్రమాదం ఉంది. మరింత ముందుగా పుట్టినవారికి ఈ పరీక్ష ఇంకా త్వరగా చేస్తారు. వినికిడి పరీక్ష, టీకాల తేదీలు, ఇంటి వద్ద కంగారూ సంరక్షణ ఎంతకాలం కొనసాగించాలన్నది రాయించుకోవాలి. అదే కాగితంపై తల్లి రక్తపోటు, రక్తహీనత పరీక్షల తేదీలు కూడా ఉన్నాయో లేదో చూసుకోవాలి. లేకపోతే అడిగి రాయించుకోవడం కుటుంబసభ్యుల బాధ్యత.